గేమ్‌లో కణేకల్లు స్టేజ్ కావాలి

రేసింగ్ గేమ్స్ ఆడేవాళ్ళందరికీ ఒక అలవాటు ఉంటుంది. కొత్త గేమ్ అనౌన్స్ అయ్యిందంటే చాలు, అందులో ఏ ట్రాక్‌లు ఉండాలో లిస్ట్ రాసేస్తాం. మా హాస్టల్లోనూ ఇదే పని. ఒకడు స్పా అంటాడు, ఇంకొకడు సుజుకా అంటాడు, నూర్బుర్‌గ్రింగ్ లేకపోతే అది గేమే కాదని మూడోవాడు. ఇండియా మాట వస్తే మాత్రం అందరూ ఒకే పేరు చెప్తారు, బుద్ధ్ సర్క్యూట్. అక్కడితో ఇండియా అయిపోతుంది.

నేను అనేది ఏమంటే, తెలుగు గేమర్స్ లిస్ట్‌లో మూడు పేర్లు ఉండాలి. ఒకటి బుద్ధ్, రెండు హైదరాబాద్, మూడు మన అనంతపురం మట్టిరోడ్లు. మూడోది చదివి నవ్వొస్తే నవ్వండి, పర్లేదు. కానీ చివరిదాకా చదవండి.

ముందు బుద్ధ్ సంగతి

గ్రేటర్ నోయిడాలో ఉన్న బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ పొడవు 5.125 కిలోమీటర్లు. డిజైన్ చేసింది హెర్మన్ టిల్కే. 2011, 2012, 2013లో అక్కడ ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగింది. మూడుసార్లూ గెలిచింది వెటెలే. 2013లో అక్కడే నాలుగో టైటిల్ ఖాయం చేసుకుని, స్టార్ట్ లైన్ ముందు కారుని గిరగిరా తిప్పిన వీడియో మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ మూడేళ్ళూ కోడ్‌మాస్టర్స్ వాళ్ళ ఎఫ్1 గేమ్స్‌లో బుద్ధ్ ఉంది. అసలు రేస్ క్యాలెండర్ నుంచి పోగానే గేమ్ నుంచి కూడా పోయింది. తర్వాత 2023లో మోటోజీపీ ఇండియాకి వచ్చినప్పుడు, మోటోజీపీ 23 గేమ్‌లో మళ్ళీ కనపడింది.

దీన్నిబట్టి ఒక విషయం అర్థమవుతుంది. లైసెన్స్ ఉన్న అఫీషియల్ గేమ్ క్యాలెండర్ వెంట నడుస్తుంది. రేస్ ఉంటే ట్రాక్ ఉంటుంది, రేస్ పోతే ట్రాక్ పోతుంది. కాబట్టి "ఎఫ్1 గేమ్‌లో బుద్ధ్ పెట్టండి సార్" అని ఎన్నిసార్లు అడిగినా లాభం తక్కువ. అడిగితే గ్రాన్ టురిస్మో, ఫోర్జా, అసెటో కోర్సా లాంటి, ట్రాక్‌లు తామే ఎంచుకునే గేమ్స్‌ని అడగాలి. వాటికి క్యాలెండర్‌తో పని లేదు, ట్రాక్ బాగుంటే చాలు. బుద్ధ్‌లో ఆ పెద్ద బ్యాక్ స్ట్రెయిట్, ఎంతకీ అయిపోని ఆ 10-11 మలుపు చూస్తే, బాగుందా లేదా అని ఎవరూ అడగరు.

హైదరాబాద్ని దాచుకోవాలి

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేస్ జరిగింది. 2.83 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. సెక్రటేరియట్, లుంబినీ పార్క్, ఎన్టీఆర్ గార్డెన్స్ చుట్టూ ఎలక్ట్రిక్ కార్లు తిరిగాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. చివరి ల్యాప్స్‌లో అతని బ్యాటరీలో మిగిలింది తక్కువ, వెనక నిక్ క్యాసిడీ దగ్గర ఎక్కువ. అయినా దారి ఇవ్వలేదు. జాగ్వార్ టీమ్ కార్లు రెండూ హెయిర్‌పిన్ దగ్గర ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంటికెళ్ళాయి. ఒక తెలుగు సిటీ రోడ్డు మీద ప్రపంచ చాంపియన్‌షిప్ రేస్ జరగడం అంటే చిన్న విషయం కాదు.

మరుసటి ఏడాది 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రేస్ జనవరిలోనే క్యాన్సిల్ అయ్యింది. ఎవరి తప్పు, డబ్బులెంత అనే గొడవ టీవీల్లో చాలా నడిచింది. అది వేరే వ్యాసం, నేను అందులోకి వెళ్ళను. నాకు కావాల్సింది ట్రాక్. రోడ్డు అక్కడే ఉంది, కానీ బారియర్లు లేవు, కర్బ్‌లు లేవు, ఆ 18 మలుపులు ఒక వరసలో ఎక్కడా లేవు. ఒక్కసారి జరిగి మాయమైన ట్రాక్ అది.

ఇలాంటివాటిని గేమ్ దాచిపెట్టగలదు. మోంజాలో పాత బ్యాంకింగ్ మీద ఇప్పుడు ఎఫ్1 కార్లు తిరగవు, పగుళ్ళిచ్చిన కాంక్రీట్ మాత్రం మిగిలింది. అసెటో కోర్సాలో 1966 నాటి మోంజా ఉంది. నేను పుట్టడానికి నలభై ఏళ్ళ ముందు ట్రాక్ మీద నేను ల్యాప్ కొట్టొచ్చు. హైదరాబాద్ ట్రాక్‌కి కూడా అలాంటి చోటు ఒకటి ఉండాలి. ఇంకో పదేళ్ళకి మన జూనియర్లు "నెక్లెస్ రోడ్డు దగ్గర రేసా? ఊరికే చెప్తున్నావ్ అన్నా" అంటారు. అప్పుడు చూపించడానికైనా ఉండాలి.

ఇక మన జిల్లా

ఇప్పుడు మూడోది. అనంతపురంలో ఏముందిరా, రాళ్ళు, రప్పలు, ఎండ తప్ప, అని మా రూమ్మేట్ అన్నాడు. వాడిది గుంటూరు వైపు, కాలవల పక్కన పుట్టాడు, అంటాడు మరి. నేను వాడికి రెండు గేమ్స్ చూపించాను. ఫోర్జా హొరైజన్ 3 ఆస్ట్రేలియాలో, ఫోర్జా హొరైజన్ 5 మెక్సికోలో. రెండింట్లోనూ జనం స్క్రీన్‌షాట్లు తీసుకునేది ఎక్కువగా ఎండిన నేల మీదే. ఎర్రమట్టి, ముళ్ళచెట్లు, దూరంగా రాతి గుట్టలు, సాయంత్రం వెలుగు. ఇవన్నీ నేను బస్సు కిటికీలోంచి రోజూ చూసేవే. ఆస్ట్రేలియాది అయితే అందం, అనంతపురంది అయితే కరువా?

ర్యాలీలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఫిన్లాండ్‌లో ఔనిన్‌పోహ్యా అని ఒక స్టేజ్ ఉంది. అది ఏ స్టేడియమూ కాదు, పల్లెటూళ్ళ మధ్య కంకర రోడ్డు. ఎత్తుపల్లాల మీద కార్లు గాల్లోకి లేస్తాయి కాబట్టి ర్యాలీ ఫ్యాన్స్ అందరికీ ఆ పేరు తెలుసు. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి అది సంతకి వెళ్ళే దారి అయ్యుంటుంది, అంతే.

ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టం. మనం దేవుడిలా చూసే నూర్బుర్‌గ్రింగ్ 1925-27 మధ్య కట్టారు. అది ఉన్న ఐఫెల్ ప్రాంతం అప్పట్లో జర్మనీలో పేద ఏరియా. అక్కడి నిరుద్యోగులకి పని కల్పించడం కూడా ఆ ట్రాక్ కట్టడానికి ఒక కారణం. మన భాషలో చెప్పాలంటే నూర్బుర్‌గ్రింగ్ ఒక కరువు పని! మన జిల్లాలో నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టారు. దేశమంతటికీ ఆ పథకం మన దగ్గర నుంచే పోయింది. పని లేని ఊళ్ళో తట్టా పారా పట్టుకుని వేసిన రోడ్డుని ప్రపంచమంతా పూజిస్తోంది, మనం కూడా పూజిస్తున్నాం. మన ఊళ్ళల్లో అలాగే వేసిన రోడ్డుని మాత్రం గేమ్‌లో ఊహించుకోలేకపోతున్నాం.

స్టేజ్ ఇలా ఉండాలి

కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలు చూడని వాళ్ళకి చెప్తున్నా. అక్కడ వేదవతి ఏరు పారుతుంది, జనం హగరి అంటారు. పారుతుంది అన్నాను కానీ ఎక్కువ నెలలు ఇసుకే ఉంటుంది. జూన్ నుంచి గాలి గట్టిగా వీచే నెలల్లో ఆ ఇసుక లేచి ఒడ్డు దాటి పొలాల్లో పడుతుంది. అలా ఏళ్ళ తరబడి పడి ఇసుక దిబ్బలు తయారయ్యాయి. రాజస్థాన్ ఫొటో అని చెప్తే ఎవరైనా నమ్మేస్తారు. అదే మండలాల్లో తుంగభద్ర హెచ్చెల్సీ కాలవ కింద పచ్చగా వరి కూడా ఉంటుంది. ఒక పక్క వరి మడి, కొంచెం దూరం పోతే ఇసుక దిబ్బ. ఇంత తక్కువ దూరంలో ఇంత తేడా ఉన్న మ్యాప్‌ని ఏ లెవెల్ డిజైనర్ అయినా కళ్ళకద్దుకుంటాడు.

స్టేజ్ కాలవ కట్ట మీద మొదలవ్వాలి. సన్నటి కట్ట, ఒక పక్క నీళ్ళు, తప్పు చేస్తే ఆట అక్కడితో అయిపోతుంది. అక్కడి నుంచి డొంక దారిలోకి దిగాలి. రెండు పక్కలా కంప, మధ్యలో ఎడ్ల బండి పట్టేంత చోటు. తర్వాత ఏటి ఇసుకలోకి. ఇసుకలో ఆగితే చక్రం దిగబడుతుంది, ఆగకుండా పోవాలి. చివర్లో మళ్ళీ గట్టి నేల, గతుకుల తారు రోడ్డు.

మిగతావి తొందరగా చెప్పేస్తా. 2022లో జిల్లా రెండయ్యింది కానీ నా లిస్ట్‌లో ఇంకా ఒకటే. రామగిరి దగ్గర గాలిమరల మధ్య కొండ దారి ఒకటి. కదిరి నుంచి తిమ్మమ్మ మర్రిమాను దాకా ఇంకొకటి, గిన్నిస్ బుక్‌లో ఎక్కిన చెట్టు ఫినిష్ లైన్‌గా ఏ గేమ్‌లో ఉంది చెప్పండి? పుట్టపర్తి ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీద ఒక సర్క్యూట్. ఇది పిచ్చి ఐడియా అనుకోవద్దు. సిల్వర్‌స్టోన్ మొదట్లో యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డే, మద్రాసు దగ్గర షోలవరంలో కూడా పాత ఎయిర్‌స్ట్రిప్ మీదే ఏళ్ళ తరబడి రేసులు జరిగాయి. కార్లంటారా, పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా ఫ్యాక్టరీలో తయారవుతూనే ఉన్నాయి. కారు మన దగ్గర పుడుతుంది, గేమ్‌లో తిరగడానికి మాత్రం వేరే దేశం పోవాలి.

అయితే కొన్ని షరతులు

ఇక్కడ ఒక సీరియస్ ప్రశ్న ఉంది. ఎవరి పొలంలోనో ఇసుక పడి పంట పోతుంటే, దాని మీద మనం గేమ్‌లో డ్రిఫ్ట్ కొట్టడం కరెక్టేనా? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. మా అవ్వ వాళ్ళ ఊరు కణేకల్లు వైపే. ఇసుక ఆమెకి సీనరీ కాదు.

ఆలోచించాక నాకు అనిపించింది ఇది. చూపించకుండా ఉంటే గౌరవించినట్టు కాదు. ఎలా చూపిస్తున్నాం అనేదే అసలు విషయం. సినిమాల్లో రాయలసీమ అంటే సుమోలు, కత్తులు. వార్తల్లో అనంతపురం అంటే పగిలిన నేల, నెత్తిన చెయ్యి పెట్టుకున్న రైతు. ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే చోట జనం ఎలా బతుకుతున్నారో ఈ రెండింట్లోనూ ఉండదు. గేమ్ మ్యాప్‌లో అది పెట్టొచ్చు. అందుకే నా షరతులు మూడు.

మొదటిది, సీజన్లు ఉండాలి. ఫోర్జా హొరైజన్ 4లో వారానికొక సీజన్ మారుతుంది. మనకీ అలాగే కావాలి. తొలకరికి దున్నిన ఎర్రనేల, ఆగస్టులో పచ్చటి శెనక్కాయ చేలు, పంట పీకాక కుప్పలు, ఎండాకాలంలో బీడు. పన్నెండు నెలలూ ఎండిపోయినట్టు చూపించేవాళ్ళు మన ఊరు చూడనట్టే.

రెండోది, రోడ్డు మీద కల్లం. మన పల్లెల్లో తారు రోడ్డు మీద పంట పరుస్తారని మీకు తెలుసు కదా. ఉలవ కట్టె పరిచారంటే బండ్లు దాని మీద పోవాలనే పరుస్తారు, నూర్పిడి అయిపోతుందని. ఆరబోసిన గింజల మీద మాత్రం పోకూడదు. చుట్టూ రాళ్ళు పెట్టి ఉంటారు. గేమ్‌లో ఇది రూల్ అవ్వాలి. ఉలవ కట్టె మీద పోతే గ్రిప్ తగ్గుతుంది కానీ బోనస్ వస్తుంది. జొన్నలు తొక్కితే పది సెకన్ల పెనాల్టీ. ప్రపంచంలో ఎవడో ఫిన్లాండ్ కుర్రాడు ఆ పెనాల్టీ తిని, ఎందుకు పడిందని వెతికితే, వాడికి మన ఊరి గురించి ఒక నిజం తెలుస్తుంది.

మూడోది, భాష. ర్యాలీలో పక్కన కూర్చున్న కో-డ్రైవర్ ముందున్న రోడ్డుని చదువుతూ ఉంటాడు. ఎడమా కుడా, మలుపు ఎంత గట్టిది, తర్వాత ఎన్ని మీటర్లు, అన్నీ రెండు మూడు మాటల్లో. మన స్టేజ్‌కి ఆ గొంతు తెలుగులో ఉండాలి, మన తెలుగులో. "ఎడం నాలుగు, నూరు, మిట్ట, కుడి రెండు, వంక ఉండాది, కొయ్యాకు!" అని అరవాలి. ఇంగ్లిష్‌లో క్రెస్ట్ అని ఒక మాట ఉంటే మనకి మిట్ట ఉంది, డిప్ అంటే పల్లం, ఏరు దాటాలంటే వంక, కంపల మధ్య దారి డొంక, గాలికి చేరిన ఇసుక మేట. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం చదివిన నాకు ఇందులో సగం మాటలు మా అవ్వ దగ్గరే తెలిశాయి. ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ లేవు. వేగంగా పోయే కారులో అర సెకన్లో అర్థం కావాల్సిన చోట ఈ మాటలు ఎంత బాగా పనిచేస్తాయో చూడండి, అన్నీ రెండు మూడు అక్షరాలే. సాహిత్య క్లబ్ మ్యాగజైన్‌లో గేమ్స్ గురించి ఎందుకు రాశావని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే.

ఎవరు చేస్తారు?

పెద్ద కంపెనీ ఏదో వచ్చి అనంతపురం రోడ్లు స్కాన్ చేస్తుందని నేను అనుకోవట్లేదు. కానీ ఫ్యాన్స్ చేసుకున్న ట్రాక్‌లు తక్కువేమీ లేవు. టోక్యో ఎక్స్‌ప్రెస్‌వే రోడ్లని ఫ్యాన్స్ అసెటో కోర్సాలోకి తెచ్చారు, షుటోకో రివైవల్ ప్రాజెక్ట్ అని. రిచర్డ్ బర్న్స్ ర్యాలీ 2004లో వచ్చిన గేమ్, ఇప్పటికీ ఫ్యాన్స్ కొత్త స్టేజ్‌లు కలుపుతూనే ఉన్నారు. అంత దూరం ఎందుకు, బస్ సిమ్యులేటర్ ఇండోనేషియాలో మన ఆర్టీసీ పల్లెవెలుగు రంగులు వేసుకుని తిప్పేవాళ్ళు మన క్లాసుల్లోనే ఉన్నారు. బస్సు తెచ్చినవాళ్ళం రోడ్డు తేలేమా?

పని ఎలా అంటే, నేల ఎత్తుపల్లాలకి నాసా ఎస్‌ఆర్‌టీఎమ్ డేటా ఫ్రీగా దొరుకుతుంది. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచింది, 30 మీటర్లకొక పాయింట్. ఇస్రో వాళ్ళ భువన్‌లో కార్టోశాట్ డేటా ఉంది. రోడ్ల లైన్లకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. వీటిని బ్లెండర్‌లో కలిపితే కొండలు, గుట్టలు వచ్చేస్తాయి. కానీ 30 మీటర్లకొక పాయింట్ అంటే గతుకు కనపడదు, కట్ట కూడా సరిగ్గా రాదు. ఎత్తులో కొన్ని మీటర్ల తేడా మామూలే. పెద్ద కంపెనీలు అందుకే లేజర్ స్కాన్ చేస్తాయి. మన దగ్గర లేజర్ లేదు, ఫోన్ ఉంది. బైక్‌కి ఫోన్ గట్టిగా బిగించి గంటకి 30 కిలోమీటర్ల స్పీడులో పోతే, సెకనుకి వంద సార్లు యాక్సెలరోమీటర్ చదివితే, దాదాపు ప్రతి 8 సెంటీమీటర్లకి ఒక రీడింగ్ వస్తుంది. దాన్నుంచి అసలు ఎత్తు కచ్చితంగా తీయలేం, ఎర్రర్ పెరిగిపోతుంది, బైక్ సస్పెన్షన్ కూడా మధ్యలో ఉంటుంది. కానీ ఎక్కడ నున్నగా ఉంది, ఎక్కడ గతుకులు అనేది తెలుస్తుంది. ఆ ప్యాటర్న్‌ని మెష్ మీద వేస్తే సరిపోతుంది. ఇసుకకి, మట్టికి, ఉలవ కట్టెకి గ్రిప్ ఎంత అనేది అసెటో కోర్సాలో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసే నంబర్. మనం సెకండియర్‌లో చేసే మినీ ప్రాజెక్టుల కంటే ఇది కష్టమేమీ కాదు, లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కంటే మాత్రం ఎన్నో రెట్లు బాగుంటుంది.

ప్లేస్‌మెంట్‌కి పనికొస్తుందా అని అడిగేవాళ్ళకి: టెర్రైన్ డేటా, సెన్సర్ నాయిస్, త్రీడీ మెష్, ఫిజిక్స్ పారామీటర్లు, ఇవన్నీ ఒకే ప్రాజెక్ట్‌లో. ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడొచ్చు.

ఇంకొక మాట కూడా ఉంది. రాత్రిపూట 44వ నంబర్ హైవే మీద బైక్ ఎంత లాగుతుందో చూసే అలవాటు మన కాలేజీల్లో ఎంత ఉందో మనందరికీ తెలుసు. హెల్మెట్ లేకుండా, ఎదురుగా గ్రానైట్ లారీలు వస్తుంటే. పెద్దవాళ్ళు వద్దని చెప్తే వినే వయసు కాదు మనది. నేను వద్దు అని మాత్రమే చెప్పట్లేదు, చోటు చూపిస్తున్నాను. మన రోడ్డు మీదే, ఫుల్ స్పీడులో, పడితే రీస్టార్ట్ బటన్ ఉన్న చోట.

ఈ ప్లాన్ అవ్వకి చెప్పినప్పుడు ఆమె మొత్తం విని, "ఆటలోనన్నా ఏట్లో నీళ్ళు ఇడువు నాయనా" అంది. అది కూడా పెట్టేద్దాం అనుకుంటున్నాను. వాన సీజన్‌లో ఒకే ఒక్క వారం ఏరు పారాలి. ఆ వారం స్టేజ్ మూసేసి, చుట్టూ తిరిగి పొమ్మనాలి. నిజంగా అయినా జరిగేది అదే కదా.

ఇప్పుడు మీరు చేయాల్సింది. సంక్రాంతి సెలవులకి ఊరు పోయేవాళ్ళు మీ ఊరి దారి ఒకటి పట్టపగలు, నిదానంగా పోతూ ఫోన్‌లో రికార్డ్ చేసి తీసుకురండి. వీడియోతో పాటు ఆ దారిలో ప్రతి మలుపుని, మిట్టని, వంకని మీ ఊళ్ళో ఏమని పిలుస్తారో పెద్దవాళ్ళని అడిగి రాసుకు రండి. బ్లెండర్ వచ్చినవాళ్ళు, నేర్చుకోవాలనుకునేవాళ్ళు, పేస్ నోట్స్ చదవడానికి మంచి గొంతు ఉన్నవాళ్ళు క్లబ్ రూమ్‌లో పేరు ఇవ్వండి. మొదటి స్టేజ్ మూడు కిలోమీటర్లు చాలు. కణేకల్లు కాలవ కట్ట నుంచి ఏటి ఒడ్డు దాకా.